తీసివేతలో తప్పిన మాష్టారు

ముప్పై నాలుగేళ్ళు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో లెక్కలు చెప్పాను. నా దగ్గర చదువుకున్నవాళ్ళలో ఇంజినీర్లున్నారు, ఆడిటర్లున్నారు, ఆర్టీసీ కండక్టర్లున్నారు. చిల్లర లెక్కలో ఒక్కరూ తప్పారని వినలేదు. అలాంటి నేను మొన్న ఒక మామూలు తీసివేతలో తప్పాను. తప్పి ఊరుకోలేదు, వీధంతా లడ్డూలు కూడా పంచాను.

మా మనవరాలి ముద్దుపేరు పండు. పేరుకే పండు, మనిషి పిందె. రెండో పుట్టినరోజు వెళ్ళిన వారంలో మా వీధి అంగన్‌వాడీలో తూకం వేస్తే 8 కిలోల 800 గ్రాములు వచ్చింది. అక్కడి టీచరు గులాబీ రంగు అంచున్న ఎదుగుదల పటం తెరిచి ఒక చుక్క పెట్టింది. ఆ చుక్క ఆకుపచ్చ పట్టీని వదిలేసి పసుపు పట్టీలో కూర్చుంది.

"రెండేళ్ళ ఆడపిల్ల అటూ ఇటుగా పదకొండున్నర కిలోలుండాలి మాష్టారూ. తొమ్మిదికి తగ్గితే తక్కువ బరువు కింద రాస్తాం" అంది.

ఆ అమ్మాయి నా విద్యార్థినే. 1998 పదో తరగతి. లెక్కల్లో నలభై రెండు మార్కులు. ఏళ్ళు గడిచినా పిల్లల మొహాలు మరిచిపోతానుగానీ మార్కులు మరిచిపోను. నలభై రెండు మార్కుల అమ్మాయి నా మనవరాలిని ఫెయిలు చేసిందని మనసులో కొంచెం గుచ్చుకుంది కూడా.

ఇంటికి రాగానే సభ తీరింది. మా ఆవిడ ఒక్క మాటలో తేల్చేసింది: దిష్టి. కల్లుప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట్లో పట్టుకుని పండు చుట్టూ మూడుసార్లు తిప్పి వంటింట్లో మంట మీద వేసింది. కట్టెల పొయ్యి రోజుల్లో దిష్టి ఉంటే మిరపకాయలు ఘాటు కొట్టేవి కావట. ఇప్పుడున్నది గ్యాసు పొయ్యి. ఇంటిల్లిపాదీ దగ్గి దగ్గి వీధిలోకి పరుగెత్తాం. ఇంత ఘాటు వచ్చింది కాబట్టి దిష్టి లేదని శాస్త్రం ప్రకారం తేలాలి. "ఇంకా ఉంది, రేపు మళ్ళీ తీస్తాను" అంది ఆవిడ, కళ్ళు తుడుచుకుంటూ.

మావాడిది హార్డ్‌వేర్ కొట్టు. ఏ సమస్యకైనా సీసాలోనో డబ్బాలోనో మందు దొరుకుతుందని వాడి నమ్మకం. ఆకలి పుట్టించే టానిక్కు తెచ్చాడు. పండు దాన్ని గోడ మీదికి ఉమ్మింది. ఆ మరక మీద ఏ రంగు వేస్తే కనపడదో వాడికే తెలుసు. కోడలు బ్యాంకులో పని చేస్తుంది, తొమ్మిదిన్నరకు వెళ్ళాలి. "మామయ్యగారూ, గంటసేపు కూర్చున్నా నాలుగు ముద్దలు దిగడం లేదు" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. రిటైరైన మనిషి ఇంట్లో ఉన్నది ఇంకెందుకు? అన్నం పెట్టే బాధ్యత నేను తీసుకున్నాను.

పిల్లకు అన్నం పెట్టడం అంటే ఏమిటో పెట్టినవాళ్ళకే తెలుస్తుంది. ముద్దపప్పు, నెయ్యి, మెత్తగా పిసికిన అన్నం గిన్నెలో పెట్టుకుని నేను బయలుదేరతాను. పండు నా చంకలో. మాది తెనాలి కాబట్టి చూపించడానికి కాలువలున్నాయి, రైళ్ళున్నాయి. జంక్షను కదా, బండ్లకు కొదవ లేదు. రేపల్లె బండికి ఒక ముద్ద, గుంటూరు బండికి ఒక ముద్ద. మద్రాసు వైపు పోయే గూడ్సు వచ్చిందంటే నాకు పండగే. యాభై పైచిలుకు వ్యాగన్లు. ఆ దెబ్బతో గిన్నె ఖాళీ కావాలి. "ఒకటి, రెండు, మూడు" అని నేను లెక్కపెడుతూ ఉంటే పండు నోరు తెరుచుకుని చూస్తుంది. ఆ తెరిచిన నోట్లో ముద్ద పెడతాను. నోరు మూసుకుంటుంది. అంతే. గార్డు పెట్టె దాటిపోయినా ఆ ముద్ద ఎడమ బుగ్గలోనే ఉంటుంది. ఇంటికి వచ్చి, కాళ్ళు కడిగి, ఉయ్యాలలో వేశాక కూడా ఉంటుంది. నిద్రపోయిన పిల్ల బుగ్గలోంచి మధ్యాహ్నపు పప్పన్నాన్ని వేలితో తీసిన రోజులున్నాయి.

మిగిలినదాన్ని ఏం చేయాలి? అన్నం పరబ్రహ్మ స్వరూపమని మా అమ్మ కంచంలో మెతుకు వదలనిచ్చేది కాదు. పైగా అది చంటిపిల్ల కోసం కలిపిన అన్నం. ఇంట్లో ఇంకెవరికీ దొరకనంత నెయ్యి అందులో ఉంటుంది. కాలువ గట్టు మీద నిలబడి నేనే తినేసేవాణ్ణి. పొద్దున ఆమె వదిలిన ఇడ్లీ ముక్కలు, సాయంత్రం సగం కొరికిన అరటిపండు కూడా అంతే. అంగన్‌వాడీలో ఇచ్చిన రెండున్నర కిలోల బాలామృతం పొట్లం ఒకటి ఉంది. గోధుమ, శనగపప్పు, పాలపొడి, పంచదార కలిసిన పిండి. మా ఆవిడ దాన్ని నేతిలో వేయించి లడ్డూలు చుట్టింది. పండు ఒకదాన్ని నాకి కింద పెట్టింది. తక్కిన వాటి సంగతి నన్ను అడగకండి.

నాలుగు వారాలు ఇలా గడిచాయి. గిన్నె ఎప్పుడూ ఖాళీగానే ఇంటికి వచ్చేది. "తాత చేతిలో ఏదో ఉంది" అని మా ఆవిడ మురిసిపోయేది. నిజమే, తాత చేతిలో గిన్నె ఉండేది.

ఇక తూకం సంగతి. మా ఇంట్లో మనుషులు నిలబడి చూసుకునే తూకం ఒకటుంది. అంకెలు వెలిగే రకం. నా షష్టిపూర్తికి మావాడు కొన్నాడు. పండును దాని మీద నిలబెడితే నిలబడదు. ఒంటికాలి మీద నిలబడుతుంది, గెంతుతుంది, అంకెలు ఎర్రగా వెలగగానే కూర్చుని వాటిని గోకుతుంది. అందుకని నేనొక పద్ధతి పెట్టాను. పిల్లను ఎత్తుకుని నేను నిలబడతాను. వచ్చిన మొత్తంలోంచి నా బరువు తీసేస్తాను. మిగిలింది పిల్ల. నా బరువు సంక్రాంతినాడు చూసుకుని డైరీలో రాసుకున్నాను: 68.4.

మొదటిసారి ఇద్దరం కలిసి 77.2. అందులోంచి 68.4 పోతే 8.8. అంగన్‌వాడీ తూకంతో సరిగ్గా సరిపోయింది. పద్ధతి మీద నాకు గురి కుదిరింది.

నాలుగు వారాల తరువాత మళ్ళీ ఎక్కాం. 78.9. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశాను. 78.9లోంచి 68.4 తీసేస్తే 10.5. నెలలో ఒక కిలో ఏడు వందల గ్రాములు! "ఏమండీ!" అని మా ఆవిడ, "మామయ్యగారూ!" అని కోడలు. మావాడు కొట్టు వదిలి వచ్చాడు. ఆ సాయంత్రమే రెండు కిలోల బందరు లడ్డూలు తెప్పించి ఇంటింటికీ పంచాను. పిల్లలకు తిండి పెట్టడం గురించి ఎదురింటావిడకు ముప్పావుగంట ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఓపిక ముఖ్యం అని చెప్పాను. రైళ్ళ వేళలు తెలిసి ఉండాలని చెప్పాను.

మర్నాడు ఒక లడ్డూ పట్టుకుని అంగన్‌వాడీకి వెళ్ళాను. నలభై రెండు మార్కుల అమ్మాయికి చూపించాలి కదా.

ఆ అమ్మాయి పండును జోలెలో కూర్చోబెట్టి కొక్కేనికి తగిలించింది. ముల్లు ఊగి ఊగి ఆగింది. 8 కిలోల 900.

"నీ తూకం చెడిపోయింది" అన్నాను.

ఆమె మాట్లాడకుండా గోడవారగా ఉన్న అయిదు కిలోల బియ్యం సంచి తగిలించింది. ముల్లు అయిదు దగ్గర ఆగింది. నా పద్ధతి చెప్పాను. 78.9, 68.4, మిగిలింది 10.5. ఆమె శ్రద్ధగా విన్నది. క్లాసులో కూడా ఇంత శ్రద్ధగా విన్నట్టు గుర్తు లేదు.

"మాష్టారూ, ఆ అరవై ఎనిమిదీ నాలుగు ఎప్పటిది?"

"సంక్రాంతిది."

"ఇప్పుడేమో ఎండలు వచ్చేశాయి. మధ్యలో మళ్ళీ చూసుకోలేదా?"

గర్భిణీల కోసం పెట్టిన తూకం పక్కనే ఉంది. ఆ అమ్మాయి దాని వైపు చూసింది. నేను దాని వైపు చూశాను. తప్పించుకునే దారి లేదు. చెప్పులు విప్పి ఎక్కాను. సరిగ్గా డెబ్బై.

పెరిగిన కిలో ఏడు వందల్లో పిల్ల వాటా వంద గ్రాములు. తక్కిన కిలో ఆరు వందలు నావి.

"స్థిరరాశి అనుకున్నది మారకుండా ఉందో లేదో చూసుకోండర్రా అని మీరే చెప్పేవారు" అంది, తల వంచుకుని రిజిస్టరులో రాస్తూ. ఆమె పెదవి ఒకవైపు వణికింది. నవ్వాపుకోవడానికి అంత కష్టపడ్డ మనిషికి ఆ రోజు నేను ఇంకో పదిహేను మార్కులు వేసి ఉండేవాణ్ణి. తెచ్చిన లడ్డూ ఆమె చేతిలో పెట్టబోతే, "మీరే ఉంచుకోండి... వద్దులెండి, పిల్లలకు ముక్కలు చేసి పెడతాను" అని లాక్కుంది.

ఇంటికి వచ్చి తలుపు వేసుకుని లెక్క వేశాను. ఒంట్లో కిలో కొవ్వు చేరాలంటే దాదాపు 7,700 కేలరీలు అదనంగా తినాలి. కిలో ఆరు వందలకు 12,320. ముప్పై రోజులకు పంచితే రోజుకు 410. ఆ వయసు పిల్లకు రోజంతటికీ కావలసింది సుమారు వెయ్యి. అంటే ఆమెకు రావలసిన తిండిలో అయిదింట రెండు వంతులు కాలువ గట్టు మీద నేను లాగించాను. ఆ భిన్నం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మరి ఆ మిగతా తిండి కూడా సరిగా తినని పిల్ల ఎలా గెంతుతోంది? ఇదే మాట పిల్లల డాక్టరుగారిని అడిగాం. మొత్తం అయిదుగురం వెళ్ళాం. గదిలో ఉన్నవి మూడు కుర్చీలు. ఆవిడ పండు కనురెప్ప కింద చూసింది, పొట్ట నొక్కింది, జ్వరాలు, విరేచనాలు ఏమైనా ఉన్నాయా అని అడిగింది. లేవు. తరువాత చాలా మామూలుగా, "పాలు ఎన్ని తాగుతుంది?" అంది.

"రెండుసార్లండీ. పొద్దున, రాత్రి. రెండేసి వందల మిల్లీలీటర్లు" అంది కోడలు.

"అంతేనా?"

మా ఆవిడ కొంగు సర్దుకుంది. "తెల్లవారుజామున అయిదింటికి లేచి ఏడుస్తుందండీ. కోడలికి నిద్ర చెడుతుందని నేనే ఒక సీసా పడతాను."

"అత్తయ్యా!"

"మధ్యాహ్నం అన్నం తినకుండా పడుకుంటే, పాపం ఖాళీ కడుపని ఇంకొకటి."

డాక్టరుగారు కాగితం మీద 800 అని వేసి మావాడి వైపు చూసింది. వాడు పైకప్పు వైపు చూశాడు. "కొట్టు కట్టేసి వచ్చేసరికి పది దాటుతుందండీ. నిద్రలోనే చప్పరిస్తుంది. నూట యాభై అంతే. నాకూ బిడ్డతో కాసేపు గడిపినట్టు ఉంటుందని..."

ఇక మిగిలింది నేను. నాలుగింటికి నా కాఫీతో పాటు ఆమెకూ ఒక గ్లాసులో పాలు పోస్తానని, నా గ్లాసుకు ఆమె గ్లాసు తగిలించి తాగుతుందని, అదొక ముచ్చట అని చెప్పుకున్నాను. అదీ నూట యాభై.

"పదకొండు వందలు" అంది డాక్టరుగారు. కూడిక తప్పలేదు, నేను మనసులో సరిచూశాను. "లీటరు పైన పాలు తాగిన పిల్లకు ఇక అన్నానికి చోటెక్కడమ్మా? నాలుగైదు వందలు దాటకూడదు. పాలలో ఇనుము దాదాపు లేనట్టే. రక్తం చూద్దాం."

హిమోగ్లోబిన్ 9.8 వచ్చింది. పదకొండు ఉండాలి. ఆకలి లేకపోవడానికి అదీ ఒక కారణమట. ఐరన్ చుక్కల మందు రాసింది. పాలతో కలిపి ఇవ్వొద్దంది. మొదటి ఏడాదిలో పుట్టిన బరువుకు మూడింతలైన పిల్ల, రెండో ఏడాదిలో రెండు, రెండున్నర కిలోలకు మించి పెరగదని కూడా చెప్పింది. అంటే వడ్డీ రేటు తగ్గుతుందన్నమాట. ఈ సంగతి ముందే చెప్పి ఉంటే నెలకు కిలో ఏడు వందలు నేను నమ్మేవాణ్ణా?

తక్కినవి విని మా ఆవిడ గుండె పట్టుకుంది. మూడు పూటలా తిండి, మధ్యలో రెండుసార్లు చిరుతిండి. మిగతా వేళల్లో మంచినీళ్ళు తప్ప ఏమీ లేదు. పిల్లను అందరితోపాటు కూర్చోబెట్టి, తన కంచం తనకిచ్చి, తన చేత్తో తిననివ్వాలి. అరగంట దాటితే తిన్నా తినకపోయినా కంచం తీసేయాలి. గుడ్డు పెట్టాలి. పల్లీలు గొంతుకు అడ్డం పడతాయి కాబట్టి పొడి కొట్టి కలపాలి. సీసా ఇంట్లో కనపడకూడదు. "రైళ్ళు కూడా వద్దా?" అని అడిగాను. "చూపించండి మాష్టారుగారూ, గిన్నె లేకుండా" అంది.

మొదటి మూడు రోజులు మా ఇంట్లో ఎవరి మొహంలోనూ నెత్తురు చుక్క లేదు. తెల్లవారుజామున పండు సీసా కోసం ఏడుస్తుంటే, మా ఆవిడ వంటింటి గడప దాటకుండా నేను కాపలా కాశాను. ఆవిడ కొంగు కింద ఒకసారి సీసా పట్టుకున్నాను కూడా. నాలుగో రోజు ఐరన్ మందు వల్ల పిల్లకు విరేచనం నల్లగా వస్తే మళ్ళీ దిష్టి అన్నారు. మళ్ళీ మిరపకాయలు, మళ్ళీ అందరం వీధిలో. ఆ మందుకు అలాగే అవుతుందని డాక్టరుగారు ఫోనులో చెబుతున్నది దగ్గుల మధ్య సగమే వినపడింది. అయిదో రోజు మధ్యాహ్నం పండు నా కంచంలోంచి వంకాయ ముక్క లాక్కుని తిన్నది. తొమ్మిదిసార్లు ఉమ్మిన వంకాయ అది. ఎవరూ కదలలేదు. చప్పట్లు కొట్టొద్దని డాక్టరుగారు చెప్పింది కాబట్టి మా ఆవిడ బల్ల కింద చేతులు పిసుక్కుంది.

మూడు నెలలకు 9 కిలోల 700. చుక్క ఆకుపచ్చ పట్టీలోకి కాలు పెట్టింది. ఈసారి తూకం నేను వేయలేదు, లడ్డూలు కూడా తేలేదు. ఆ వెళ్ళినప్పుడే డాక్టరుగారు నా చక్కెర పరీక్ష చీటీ అడిగి చూసి, నాకు పూటకు ఒక కప్పు అన్నం అని గిరి గీసింది. దాని అమలు బాధ్యత మా ఆవిడ తీసుకుంది.

నిన్న రాత్రి నా కప్పు అన్నం అయిపోయి ఖాళీ కంచం ముందు కూర్చున్నాను. పక్కన పండు మోచేతి దాకా పప్పు పూసుకుని తింటోంది. నెయ్యి వాసన. ఉన్నట్టుండి ఒక ముద్ద పిసికి నా వైపు చాచింది. "తాతా, ఆ!" మా ఆవిడ చూస్తోంది. తలుపు దగ్గర కోడలు కూడా చూస్తోంది. నోరు తెరిచాను. మింగితే గిరి దాటినట్టు, ఉమ్మితే పరబ్రహ్మ. ఏం చేయను, ఎడమ బుగ్గలో దాచాను.

పండు నన్ను కాసేపు నిదానంగా చూసింది. తరువాత మెతుకులంటిన వేలితో గోడ వైపు చూపించి అరిచింది: "లైలు తాతా! లైలు!"

గోడ మీద బల్లి తప్ప ఏమీ లేదు. "ఎక్కడే?" అనబోయి నోరు తెరిచాను. రెండో ముద్ద లోపలికి వచ్చింది.