గుమ్మడికాయల పండుగకు బుల్లెట్‌ప్రూఫ్ బండి

అమెరికాలో న్యూ హ్యాంప్‌షైర్ రాష్ట్రంలోని కీన్ చిన్న పట్టణం. జనాభా 23 వేల చిల్లర. ఒకప్పుడు ఏటా అక్టోబరులో ఊరంతా గుమ్మడికాయలు చెక్కి, లోపల దీపాలు పెట్టి, వేల సంఖ్యలో వరుసలు పేర్చేవారు. ఈ ఊరి పోలీసులు బేర్‌క్యాట్ అనే బుల్లెట్‌ప్రూఫ్ బండి కొనుక్కోవడానికి, ఉగ్రవాదుల నుంచి దేశాన్ని కాపాడే హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ 2,85,933 డాలర్ల గ్రాంటు ఇచ్చింది. ఉగ్రవాదుల ముప్పు ఎక్కడుందంటే, దరఖాస్తులో ఈ గుమ్మడికాయల పండుగనే చూపించారు!

2012లో ఊరి జనం మాకొద్దు మొర్రో అన్నారు. పోలీసులంటే పడక కాదు. ఉగ్రవాదులు రాని ఊళ్లో ఆ బండి చివరికి ఎవరి మీదికి వస్తుందన్నదే వాళ్ల భయం. అయినా బండి వచ్చింది. గ్రాంటు సొమ్ము ఊరి ఖజానాలోది కాదు, వద్దంటే ఇంకో ఊరు పట్టుకుపోతుంది. అత్త సొమ్ము అల్లుడు దానం అన్నట్టు ఉన్నప్పుడు కాదనే పాలకవర్గం ఎక్కడుంటుంది? ఈ గ్రాంట్ల తీరును అదే ఏడాది ఏకిపారేసిన సెనేటర్ టామ్ కోబర్న్ వామపక్షీయుడేం కాదు, కరడుగట్టిన రిపబ్లికన్.

పెద్ద పద్దుల్లోనూ ఇదే కథ. మెక్సికోతో ఉన్న అరిజోనా సరిహద్దులో కెమెరాలు, రాడార్లతో కట్టిన ‘కనిపించని కంచె’కు సుమారు 100 కోట్ల డాలర్లు పోశారు. 53 మైళ్ల దగ్గరే ఆగిపోయింది, 2011లో రద్దు చేశారు.

విమానాశ్రయ తనిఖీలో బెల్టు తీసి ట్రేలో వేసి, ప్యాంటు జారకుండా పట్టుకుని నిలబడ్డ అనుభవం అమెరికా వెళ్లొచ్చిన మనవాళ్లకు తెలిసిందే. అక్కడ విమానం ఎక్కే ప్రతి ఒక్కరి టికెట్‌లోనూ భద్రతా రుసుం ఉంటుంది. 2014లో దాన్ని ఒక వైపు ప్రయాణానికి 5.60 డాలర్లు చేశారు. పైగా ఆ వసూళ్లలో కొంత బడ్జెట్ లోటు పూడ్చడానికి మళ్లించారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. భయం పేరు చెప్పి వసూలు చేసి, అప్పుకు జమ కట్టుకోవడమేంటి?

కీన్‌లో 2014 పండుగ రోజున నిజంగానే అల్లర్లు జరిగాయి. చేసింది ఉగ్రవాదులు కాదు, కాలేజీ చుట్టుపక్కల పార్టీల్లో తాగిన కుర్రకారు. పోలీసులు బాష్పవాయువు వదిలారు. మరుసటి ఏడాది పాలకవర్గం అనుమతి ఇవ్వకపోవడంతో పండుగ లాకోనియా అనే మరో ఊరికి తరలిపోయింది. బండి మాత్రం కీన్‌లోనే ఉండిపోయింది.