తాళం పడిన ఇంటి వంతు ఎవరిది?

కోనసీమలో మా వీధిలో పదకొండు ఇళ్లున్నాయి. నాలుగింటికి ఏడాదిలో ఎక్కువ రోజులు తాళమే. అందులో ఒకటి మా పెదనాన్నగారిది. పిల్లలిద్దరూ అమెరికాలో స్థిరపడ్డారు. పెదనాన్న పోయాక పెద్దమ్మ హైదరాబాద్ వెళ్లిపోయారు. తాళాల గుత్తి ఎదురింటి పిన్నిగారి వంటింట్లో, ఉప్పు జాడీ పైన మేకుకి వేలాడుతూ ఉంటుంది. వారానికోసారి ఆవిడ వెళ్లి తలుపులు తీసి, మండువాలో ఆకులు ఊడ్చి, తూములో చెయ్యి పెట్టి చూసి, దేవుడి దగ్గర దీపం వెలిగించి వస్తారు. ఇందుకు ఆవిడకి ఎవరూ రూపాయి ఇవ్వరు. ఇస్తామన్నా తీసుకోరు.

రెండేళ్ల కిందట వేసవిలో ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయింది. మూడు నెలలు ఆ తలుపు తెరుచుకోలేదు. తొలకరి వానలకి తూములో ఆకులూ కొబ్బరి పీచూ అడ్డుపడి, మండువా నిండి, నీళ్లు గదుల్లోకి వచ్చాయి. టేకు గుమ్మానికి చెద పట్టింది. అంతవరకూ అది ఇంటివాళ్ల నష్టం. పెరట్లో గాలికి పడిపోయిన కొబ్బరి మాను మాత్రం అందరికీ నష్టం తెచ్చింది. తీయించే మనిషి లేక అది అక్కడే కుళ్లింది. కుళ్లిన మానుల్లో, పెంటకుప్పల్లో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు అందులోనే పెరిగి, రెక్కలొచ్చాక చుట్టుపక్కల తోటల మీద పడి లేత మొవ్వు తొలిచేస్తుంది. ఆకు విచ్చుకున్నాక చూస్తే ఎవరో కత్తెర పట్టుకుని కత్తిరించినట్టు ఉంటుంది. మరుసటి ఏడు ఆ పెరటి పక్కనున్న తోటల్లో నాటిన మొక్కలన్నిటికీ ఆ కత్తిరింపులే. వేప పిండి, ఇసుక కలిపి మొవ్వులో వేసుకుంటూ తిరిగినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఖాళీ ఇల్లు దాని సొంతదారుడి సొంత విషయం అనుకుంటాం. డెల్టాలో అది కుదరదు. ఇక్కడ ఒకరి నీళ్లు ఇంకొకరి గట్టు దాటి పోవాలి.

ఈ నేలలో వంతు అనే మాటకి బరువుంది. 1852లో కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసినప్పటి నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల్లో దాదాపు 10 లక్షల ఎకరాలు ఒకే నీటిని పంచుకుని బతుకుతున్నాయి. దాళ్వాకి, అంటే రెండో పంటకి, నది తగ్గితే కాలువల కింద నీళ్లు వంతులవారీగా వదులుతారు. పై ఊరివాళ్లు తమ వంతు అయిపోయాక కూడా తూము దించకపోతే శివారు చేను బీటలు తీస్తుంది. నీళ్లు పారడానికి ఒక వంతు ఉన్నట్టే, దిగిపోవడానికీ ఒక వంతు ఉంది. మురుగు కాలువలో ఎవరి వార వాళ్లు శుభ్రం చేసుకోవాలి. 2011 సార్వాలో (ఖరీఫ్‌లో) కోనసీమ రైతులు పంట వేయబోమని విరామం ప్రకటించి దేశమంతా తమవైపు చూసేలా చేశారు. గిట్టుబాటు ధర, కూలీల కొరతతో పాటు పూడిపోయిన మురుగు కాలువలూ అప్పటి ఫిర్యాదుల్లో ఉన్నాయి. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. కమిటీలు వస్తాయి, వెళ్తాయి. ఇంటి ముందు కాలువకి మాత్రం రోజూ కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి.

ఇల్లు తాళం పడితే పోయేది ఆ మనిషే. ఆ ఇంటి ముందు మురుగు, ఆ ఇంటి పెరటి చెట్లు, వరదప్పుడు ఏటిగట్టు మీద రాత్రి కాపలాకి ఆ ఇంటి నుంచి రావాల్సిన ఒక మనిషి, ఇవన్నీ మిగిలిన ఇళ్ల మీద పడతాయి. మిగిలిన ఇళ్లలో ఉన్నదేమో ఎక్కువగా అరవై దాటినవాళ్లు.

ఈ మాట అంటే చాలామంది స్వచ్ఛంద సేవ గురించి చెబుతారు. సేవ కొత్త కాదు మనకి. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) ఏరు దాటి వచ్చిన బాటసారులకి వేళాపాళా చూడకుండా వండి పెట్టారు. గమనిస్తే ఆవిడ చేసిన పనికి మూలం ఒక ఇల్లు. తలుపు తీసి ఉన్న ఇల్లు, పొయ్యి వెలిగే ఇల్లు. ఆవిడ ఎక్కడికీ వెళ్లి సేవ చేయలేదు, ఉన్నచోటే ఉన్నారు.

ఇప్పుడు ఆంధ్రాలో వాలంటీర్ అనగానే గుర్తొచ్చేది వేరు. 2019 ఆగస్టు 15న మొదలైన గ్రామ వాలంటీర్ల వ్యవస్థలో 50 ఇళ్లకి ఒకరు, నెలకి 5,000 రూపాయల గౌరవ వేతనం. పింఛను ఇంటికి తెచ్చిచ్చిన ఆ పిల్లల్ని మా ఊరి ముసలివాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ వ్యవస్థ ఆగిపోయింది. రాజకీయం పక్కన పెట్టి చూస్తే ఆ పద్ధతిలో ఒక మంచి ఉంది: వాలంటీరు ఆ ఊరి మనిషే. ఏ ఇంట్లో ఎవరికి నడుము పట్టేసిందో తెలిసిన మనిషి. లోటు కూడా ఒకటుంది. వేతనం ఆగగానే మాటా ఆగింది. ఇప్పుడు ఊరి పనికి ఎవరినైనా పిలిస్తే, "ఇంకా వాలంటీర్లు ఎక్కడున్నారండీ, తీసేశారు కదా" అంటున్నారు. ఊరికి స్వచ్ఛందంగా పని చేయడమంటే ప్రభుత్వం వేసిన ఉద్యోగం అనే అర్థం స్థిరపడిపోయింది. దీనికి నాకు చాలా బాధగా ఉంది.

రెండో రకం కాలేజీ పిల్లలు. ఎన్ఎస్ఎస్ ప్రత్యేక శిబిరం ఏడు రోజులు. మా ఊరికీ ఒకసారి వచ్చారు. బడిలో పడుకుని, పొద్దున్నే నడుము లోతు నీళ్లలో దిగి గుర్రపుడెక్క లాగి గట్టు మీద వేశారు. ఎంత చక్కగా చేశారో చెప్పలేను. చేతులు కోసుకుపోయినా ఎవరూ ఆగలేదు. కానీ గుర్రపుడెక్క అనువుగా ఉంటే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. సంక్రాంతికి శుభ్రపడిన కాలువ ఉగాదికి మళ్లీ పచ్చగా కప్పేసింది. తప్పు పిల్లలది కాదు. ఏడో రోజు సాయంత్రం బస్సెక్కాల్సిన మనిషి చేత పదిహేను రోజులకోసారి చేయాల్సిన పని ఎలా చేయిస్తాం?

2022 జులై వరద ఈ విషయాన్ని ఇంకా కష్టంగా నేర్పింది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులకి ఇస్తారు. ఆ నెల నీటిమట్టం దాన్ని దాటి చాలా పైకి వెళ్లింది, 25 లక్షల క్యూసెక్కులకి పైగా సముద్రంలోకి వదిలారు. ఏటా మునిగే చాకలిపాలెం దగ్గరి కనకాయలంక కాజ్‌వే సంగతి వేరే చెప్పక్కర్లేదు. మేం బియ్యం, పాల పొట్లాలు పట్టుకుని ఒక లంకకి నాటు పడవలో వెళ్లాం. అక్కడ ఎత్తు అరుగుల పాత మండువా ఇల్లు ఒకటి, చుట్టూ నీళ్లున్నా గడప తడవకుండా నిలబడి ఉంది. తాళం వేసి ఉంది. పక్కనే పాకలో నీళ్లు మంచం కోళ్లదాకా వచ్చి, ఒక బాలింత పసిబిడ్డతో మంచం మీద కూర్చుని ఉంది. ఇంటాయనకి హైదరాబాద్ ఫోన్ కలవడానికి గంట పట్టింది. కలిశాక ఆయన ఒక్క క్షణం ఆలోచించలేదు: "తాళం పగలగొట్టండి బాబూ, బియ్యం ఉంటే వండుకోమనండి" అన్నారు. మంచి మనిషే. కానీ ఆ గంట నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ ఇంట్లో ఎవరైనా ఉండి ఉంటే, వాళ్లు సేవా దృక్పథం ఉన్నవాళ్లు కూడా కానక్కర్లేదు, తలుపు తీసి ఉండేవాళ్లు.

ఇంటికి మనిషి కావాలి. పని చేయాలనుకునే మనిషికి ఇల్లు కావాలి. ఈ రెంటినీ కలిపే పద్ధతులు వేరేచోట్ల నడుస్తున్నాయి. 1971లో ఇంగ్లండ్‌లో మొదలైన వూఫ్ (WWOOF) అనే పద్ధతిలో సేంద్రియ క్షేత్రాల్లో రోజుకి కొన్ని గంటలు పని చేసినవాళ్లకి తిండి, ఉండటానికి చోటు ఇస్తారు. ఊరెళ్లేవాళ్ల ఇంట్లో ఉచితంగా ఉండి, వాళ్ల కుక్కనీ మొక్కల్నీ చూసుకునే హౌస్ సిట్టింగ్ కూడా పడమటి దేశాల్లో మామూలే. మనకి దగ్గరగా, పుదుచ్చేరి పక్కన 1968లో మొదలైన, దేశదేశాలవాళ్లు కలిసి ఉండే ఆరోవిల్‌లో ఇళ్లు ఎవరి సొంత ఆస్తీ కావు. వేసవికి బయటికి వెళ్లేవాళ్లు కొత్తగా వచ్చినవాళ్లకో వాలంటీర్లకో ఇల్లు అప్పగించి వెళ్తారు. వాళ్లు చెట్లకి నీళ్లు పోస్తూ, పగలు తోటలోనో బడిలోనో పని చేస్తారు. ఇందులో ఇబ్బందీ ఉంది. ఇంటివాళ్లు తిరిగి రాగానే మూట కట్టుకుని ఇంకో ఇంటికి మారాలి. నెలల తరబడి అలా తిరిగే మనిషి ఎక్కడా మొక్క నాటుకోలేడు.

మన ఊళ్లకి అంత దూరం నుంచి ఎవరూ రానక్కర్లేదు. సచివాలయం ఉద్యోగులు, బడి టీచర్లు, ఏఎన్ఎంలు రోజూ రాజమండ్రి నుంచో కాకినాడ నుంచో రెండు బస్సులు మారి వస్తున్నారు. అడిగితే ఊళ్లో అద్దెకి ఇల్లు దొరకదంటారు. నాలుగిళ్లు ఖాళీగా ఉన్న వీధిలో! వ్యవసాయ డిగ్రీ చివరి ఏడు పిల్లలు పల్లెల్లో నెలల తరబడి ఉండి నేర్చుకోవాలి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం కూతవేటు దూరంలో ఉంది. వీళ్లకి ఇల్లు అద్దె లేకుండా ఇవ్వండి. బదులుగా ఇంటిని చూసుకోవడంతో పాటు ఆ ఇంటి వంతు ఊరి పని చేయమనండి: ముందున్న మురుగు, పెరట్లో చెట్లు, వరద రాత్రి గట్టు మీద ఒక మనిషి. అంతకు మించి అడగొద్దు.

ఆ చివరి మాట గట్టిగా చెప్పాలి. మన దగ్గర ఇల్లు కనిపెట్టుకుని ఉండటం పేరుతో ఒక పేద దంపతుల్ని వెనక వసారాలో ఉంచి, "చోటిచ్చాం కదా" అని తెల్లారింది మొదలు చాకిరీ చేయించుకోవడం ఎప్పటినుంచో ఉంది. జీతం లేదు, సెలవు లేదు, వెళ్లిపొమ్మంటే ఒక్క రాత్రిలో వెళ్లిపోవాలి. దాన్నే కొత్త పేరుతో మళ్లీ తెస్తే నేను ఒప్పుకోను. చేయాల్సిన పని ఏమిటో, ఎన్ని గంటలో కాగితం మీద ఉండాలి. తోటపని, కొబ్బరి దింపు లాంటివి కూలికే చేయించుకోవాలి.

మా మండలం నుంచి కువైట్, మస్కట్, దోహా వెళ్లిన ఆడవాళ్లు ఎందరో. అక్కడ వాళ్ల బతుకు ఇంకొకరి ఇల్లు చూసుకోవడమే. ఆ డబ్బుతో ఇక్కడ వేసుకున్న డాబాకి తాళం. ఆ తాళం చెవి ముసలి తల్లి కొంగున. చోటు మాత్రమే ఇచ్చి పని తీసుకుంటే ఎలా ఉంటుందో వాళ్లని అడిగితే చెబుతారు.

ఇంటివాళ్ల టెన్షన్ కూడా అర్థం చేసుకోవాలి. "పన్నెండేళ్లు ఉంటే ఇల్లు వాళ్లదైపోతుందట కదా" అని ప్రతివాళ్లూ అడుగుతారు. 1963 నాటి లిమిటేషన్ చట్టంలో 12 ఏళ్ల గడువు ఉన్నమాట నిజం. అది సొంతదారుడికి ఎదురుతిరిగి, నాదే అని పట్టుకుని కూర్చున్నవాడి సంగతి. మీ అనుమతితో ఉన్నవాళ్లకి అది వర్తించదు. గోవాలో తోబుట్టువుల మధ్య నడిచిన మారియా మార్గరిడా కేసులో 2012లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: ఇల్లు చూసుకోవడానికి ఉన్న మనిషికి ఎన్నేళ్లున్నా దాని మీద హక్కు రాదు. లీవ్ అండ్ లైసెన్స్ పత్రం (ఉండటానికి అనుమతి మాత్రమే ఇచ్చే ఒప్పందం) 11 నెలలకి రాయించుకుని, ఏటా కొత్తది రాసుకుంటే సరిపోతుంది. ఉండేవాళ్లకీ ఆ కాగితం రక్షణే.

కాగితంతో పోని అడ్డు ఒకటుంది. నేను పెదనాన్నగారి అబ్బాయికి ఫోన్ చేసి, మన ఇంట్లో కొత్త ఏఎన్ఎం అమ్మాయి, ఆమె భర్త ఉంటారు అన్నప్పుడు అన్నయ్య అడిగిన మొదటి మాట: "ఎవరి తాలూకు?" మా వైపు ఈ రెండు పదాల్లోనే కులం, ఊరు, బంధుత్వం అన్నీ అడిగేస్తారు. 2022 మే నెలలో జిల్లాకి అంబేడ్కర్ పేరు పెట్టడం గురించి అమలాపురంలో ఇళ్లు తగలబడటం చూసిన నేల ఇది. ఖాళీ ఇళ్లు పాడైపోయినా ఫర్వాలేదు, "మనవాళ్లు" కానివాళ్లు ఉండకూడదు అనుకుంటే ఇక ఏ పద్ధతీ పనిచేయదు. నేను అన్నయ్యతో ఒకటే అన్నాను: పెద్దమ్మకి షుగర్ ఎక్కువై పడిపోయిన రాత్రి ఆవిడని ఆటో ఎక్కించినవాళ్లు ఎవరి తాలూకో నువ్వు అడిగావా అని. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "దేవుడి గది తాళం పిన్నిగారి దగ్గరే ఉంచు, మిగతావి ఇచ్చెయ్" అన్నాడు. అది నాకు నచ్చలేదు. అయినా ఒప్పుకున్నాను.

వాళ్లు దిగిన రోజు పిన్నిగారు కర్ర పట్టుకుని నెమ్మదిగా వీధి దాటి వచ్చారు. గుత్తిలోంచి ఒక్కో తాళం చూపించి ఏ తలుపుదో చెప్పారు. తర్వాత ఆ అమ్మాయిని మండువా మూలకి తీసుకెళ్లి, వంగలేక అరుగు మీద కూర్చుని, తూము చూపించారు. "కంటితో చూస్తే తెలీదమ్మా, మోచేతిదాకా చెయ్యి పెట్టు" అన్నారు. ఆ అమ్మాయి గాజులు పైకి నెట్టుకుని చెయ్యి పెట్టింది. గుప్పెడు నల్లటి పీచు బయటికి వచ్చింది.