అడ్వాన్స్ కౌంటర్ దగ్గర ఆగిపోయే చట్టం

2001 జనవరిలో కోల్‌కతాలో బస్సు ఢీకొని గాయపడిన ఓ ఇంజినీరింగ్ విద్యార్థిని దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రికి చేర్చారు. వైద్యం మొదలైంది. ఇంతలో 15 వేలు కడితేనే ముందుకెళ్తామన్నారు. తీసుకొచ్చినవాళ్లు 2 వేలు చేతిలో పెట్టి, మిగతాది తెస్తామని బతిమాలినా లాభం లేకపోయింది. ముప్పావుగంటకు వైద్యం ఆపేశారు. వేరే ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. 2005లో జాతీయ వినియోగదారుల కమిషన్ 10 లక్షల పరిహారం ఇప్పించింది. ఇందులో గమనించాల్సిన సంగతి ఒకటుంది: ఆ కుర్రాడికి 65 వేల మెడిక్లెయిమ్ పాలసీ ఉంది.

అంటే తొలి గంటలో రోగికి అడ్డుపడేది బీమా లేకపోవడం కాదు, అడ్వాన్స్. చట్టం మాటకొస్తే, 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వ, ప్రైవేటు తేడా లేకుండా ప్రతి డాక్టరూ ముందు ప్రాణం కాపాడాల్సిందేనంది. 2010 క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం 12వ సెక్షన్, ఎమర్జెన్సీ రోగిని ఉన్న సిబ్బందితో, ఉన్న సదుపాయాలతో స్టెబిలైజ్ చేయాలంటుంది. తెలంగాణ ఈ చట్టాన్నే తీసుకుంది. ఆంధ్రప్రదేశ్‌కు 2002 నాటి సొంత చట్టం ఉంది. కానీ స్టెబిలైజ్ చేయడమంటే రక్తస్రావం ఆపడం, ఊపిరి నిలబెట్టడం, బీపీని దారికి తేవడం. ఆ తర్వాతి ఆపరేషన్, ఐసీయూ ఉచితమని అందులో లేదు. గొడవంతా ఈ గీత దగ్గరే.

గీత దాటగానే ఓ కాగితం ముందుకొస్తుంది. డబ్బు లేదని రోగిని వేరేచోటికి తీసుకెళ్తామంటే ‘లామా’ ఫారం మీద సంతకం అడుగుతారు. డాక్టర్లు వద్దన్నా మేమే తీసుకెళ్తున్నామని దాని అర్థం. అది పెట్టాక, ఆసుపత్రి పొమ్మందనడానికి మీ దగ్గర ఆధారం ఉండదు. అడగాల్సింది రిఫరల్ లెటర్. అందులో వచ్చిన టైము, అప్పటి పల్స్, బీపీ, ఇచ్చిన ఇంజెక్షన్లు, ఎందుకు పంపుతున్నారో ఉండాలి. ఈసీజీ కాపీ, స్కాన్ ఫిల్ములు వెంట తీసుకోండి. అవి లేకపోతే తర్వాతి క్యాజువాల్టీలో మళ్లీ మొదటి నుంచీ పరీక్షలే.

ఆరోగ్యశ్రీ కార్డుంటే మరో పొరపాటు కాచుకుని ఉంటుంది. హడావుడిలో క్యాష్ పేషెంటుగా అడ్మిషన్ రాయించేసి, మూడో రోజు కార్డు చూపిస్తారు. ఇది నగదు రహిత పథకం. కట్టేసిన డబ్బు వెనక్కి రావడం కష్టం. అడ్మిషన్ ఫారం నింపకముందే ఆరోగ్యమిత్ర డెస్కుకు వెళ్లాలి. ఎమర్జెన్సీలో ఫోన్ ద్వారా అనుమతి తీసుకుని వైద్యం మొదలుపెట్టే వీలుంది, కాగితాలు తర్వాత ఇవ్వొచ్చు. ఇంకో చిక్కేమిటంటే, పథకంలో చేరిన నెట్‌వర్క్ ఆసుపత్రి అన్నంత మాత్రాన అన్ని విభాగాలూ అందులోకి రావు. ఎముకల వైద్యానికి గుర్తింపున్నచోట గుండెకు ఉండకపోవచ్చు.

అసలు బండెక్కేముందే సగం విషయం తేలిపోతుంది. పాము కాటుకు ఇచ్చే విషం విరుగుడు మందు (యాంటీ స్నేక్ వెనమ్) తొలి మోతాదే సాధారణంగా 8 నుంచి 10 వయల్స్ (చిన్న సీసాలు). ప్రభుత్వాసుపత్రిలో అది ఉచితం. దాన్ని వదిలేసి 60 కిలోమీటర్ల దూరంలోని కార్పొరేట్ ఆసుపత్రికి పరిగెత్తడం డబ్బూ దండగ, టైమూ దండగ. కట్లపాము కాటులో రెప్పలు వాలిపోతుంటే మాత్రం వెంటిలేటర్ ఉన్న పెద్దాసుపత్రి చూసుకోవాలి, అదీ తొలి డోసు పడ్డాకే. గుండెపోటులో గడ్డ కరిగించే టెనెక్టిప్లేస్ ఇంజెక్షన్ బయట చాలా ఖరీదు. స్టెమీ (తీవ్రమైన గుండెపోటు) కార్యక్రమం కింద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. పక్షవాతం సంగతి వేరు. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు, అంతకుముందు సీటీ స్కాన్ తప్పనిసరి. స్కాన్ లేని పీహెచ్‌సీకి వెళ్తే ఆ గడువు అక్కడే కరిగిపోతుంది. 108లో ఎక్కాక ఫలానా సదుపాయం ఎక్కడుందని సిబ్బందినే అడగడం మేలు. ప్రైవేటు అంబులెన్సుల్లో కొందరికి ఆసుపత్రుల కమీషన్లు ఉంటాయన్నది ఊరందరికీ తెలిసిన రహస్యమే.

రోడ్డు ప్రమాదమైతే 2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన పథకం ఉంది. గుర్తించిన ఆసుపత్రుల్లో మనిషికి లక్షన్నర దాకా, ప్రమాదం జరిగిన నాటి నుంచి 7 రోజులు నగదు రహితం. ఢీకొట్టిన బండి దొరక్కపోయినా ఇది వర్తిస్తుంది. పోలీసులు ధ్రువీకరించాలి కాబట్టి 112కు కాల్ చేయడం మేలు.

చివరికి బిల్లు మిగులుతుంది. అది అప్పు మాత్రమే. దాని కోసం రోగిని గానీ మృతదేహాన్ని గానీ ఆపకూడదని జాతీయ మానవ హక్కుల కమిషన్ రోగుల హక్కుల పత్రం చెబుతోంది. ఐటమ్‌వారీ బిల్లు అడిగి తీసుకోండి. ఆపితే 112కు ఫోన్ చేయండి. మిగతాది వాయిదాల్లో కడతామని రాసివ్వండి గానీ ఖాళీ చెక్కు మాత్రం ఇవ్వొద్దు. అంకె వాళ్లు వేసుకున్నాక చెక్కు బౌన్సైతే, సివిల్ బాకీ కాస్తా క్రిమినల్ కేసవుతుంది.