187 నుంచి 87కి: మారింది గోలీయా, లీగా?

ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో జట్లు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం డ్రాఫ్ట్. 2010 డ్రాఫ్ట్‌లో డెన్మార్క్ గోలీ (గోల్‌కీపర్) ఫ్రెడెరిక్ ఆండర్సన్‌ను కరోలినా జట్టు ఏడో రౌండ్‌లో, 187వ స్థానంలో తీసుకుంది. ఒప్పందం కుదరలేదు. రెండేళ్ల తర్వాత అతను మళ్లీ డ్రాఫ్ట్‌కి వచ్చాడు. ఈసారి అనాహైమ్ మూడో రౌండ్‌లో, 87వ స్థానంలో తీసుకుంది. సరిగ్గా వంద స్థానాలు పైకి! మధ్యలో ఏం జరిగింది? డెన్మార్క్ లీగ్‌లో ఆడే కుర్రాడు స్వీడన్ వెళ్లి ఫ్రోలుండా జట్టుకు ఒక సీజన్ ఆడాడు. ఆ రెండేళ్లలో అతని ఆట మెరుగుపడింది, కాదనను. కానీ ఆ వంద స్థానాలూ ఆట వల్లే వచ్చాయంటే మాత్రం నమ్మను. అందులో పెద్ద వాటా స్వీడన్ లీగ్ ముద్రదే.

ఐస్ హాకీలో చిన్న దేశాల కుర్రాళ్లను అంచనా వేసే తీరు మీద నా అభ్యంతరం ఇదే. లీగ్‌ను తూచి, ఆ బరువును కుర్రాడి పేరు పక్కన రాస్తున్నారు.

ఈ పని ఇప్పుడు లెక్కల పేరుతో ఇంకా గట్టిగా జరుగుతోంది. గోల్ కొట్టినా, గోల్‌కి పాస్ ఇచ్చినా (అసిస్ట్) ఆటగాడి ఖాతాలో ఒక పాయింటు పడుతుంది. ఫలానా లీగ్‌లో ఒక పాయింటు ఎన్‌హెచ్‌ఎల్‌లో ఎంతకు సమానమో చెప్పే గుణకాలు ఉన్నాయి. రెండు లీగుల్లోనూ ఆడినవాళ్ల పాయింట్లను పోల్చి వాటిని తయారు చేస్తారు. స్వీడన్, ఫిన్లాండ్, రష్యా లీగుల నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి అక్కడ ఆ లెక్కకు అర్థముంది. స్లొవేనియా లీగ్ నుంచో నార్వే లీగ్ నుంచో నేరుగా వచ్చినవాళ్లు ఎందరు? ఆ నలుగురైదుగురిని పట్టుకుని తీసిన గుణకానికి దశాంశ బిందువు తర్వాత ఎన్ని అంకెలున్నా అది ఊహే. పైగా అసిస్ట్ రావాలంటే పాస్ అందుకున్నవాడు గోల్ కొట్టాలి. బలహీనమైన జట్టులో అద్భుతమైన పాస్ సహచరుడి స్టిక్ తగిలి పక్కకు పోతుంది. స్కోరు షీటులో దాని జాడే ఉండదు.

మరి ఏం చూడాలి? చిన్న లీగ్ ఆటగాడికి ఇచ్చేది ఖాళీ సమయం. ఆ సమయాన్ని అతను ఎలా వాడుకుంటున్నాడో చూడాలి. అసలు విషయం అక్కడే ఉంది.

ఒక డిఫెన్స్‌మన్ పక్ (ఆటలో వాడే రబ్బరు బిళ్ల) కోసం మూలకు వెళ్తున్నాడనుకోండి. పెద్ద లీగ్‌లో అయితే పక్ లాక్కోవడానికి మీదికొచ్చే ప్రత్యర్థి, అంటే ఫోర్‌చెకర్, క్షణంలో వీపు మీద ఉంటాడు. చిన్న లీగ్‌లో తీరిగ్గా వస్తాడు. మీ కళ్లు పక్ మీద కాదు, కుర్రాడి తల మీద ఉండాలి. పక్ దగ్గరికి చేరేలోపు భుజం మీదుగా వెనక్కి ఎన్నిసార్లు చూశాడు? చూడకపోయినా ఆ రాత్రి అతనికి వచ్చే నష్టమేమీ లేదు. పక్ ఎలాగూ అతనిదే. అయినా రెండుసార్లు చూసి, ముందే నిర్ణయం తీసుకుని, తాకిన వెంటనే పాస్ ఇచ్చేశాడంటే ఆ కుర్రాడు ఇంకా తనకు ఎదురుపడని ప్రత్యర్థి కోసం ఆడుతున్నట్టు. దీనికి వ్యతిరేకంగా, మ్యాచ్‌కి రెండేసి పాయింట్లు తెచ్చే ఫార్వర్డ్ ప్రతిసారీ నిదానమైన డిఫెండర్ల మధ్య నుంచి పక్ లాక్కెళ్తున్నాడంటే నాకు టెన్షన్ మొదలవుతుంది. పై స్థాయిలో ఆ సందు ఉండదు. స్కోరు షీటు చూస్తే వీళ్లిద్దరిలో రెండోవాడే మొనగాడు.

మోరిట్జ్ సైడర్‌ సంగతి చూడండి. 2018-19లో జర్మనీ లీగ్‌లో మాన్‌హైమ్ తరఫున 29 మ్యాచ్‌ల్లో అతనివి 6 పాయింట్లు. ఆ సీజన్‌లో జర్మనీ అండర్-20 జట్టు పై స్థాయిలో కూడా లేదు. సైడర్ కెప్టెన్సీలో దాని కింది స్థాయి అయిన డివిజన్-1 గెలిచి పైకి వచ్చింది. 2019 జూన్‌లో వాంకూవర్‌లో డెట్రాయిట్ ఆరో స్థానంలో అతని పేరు పిలిచినప్పుడు, హాల్లో అందరికంటే ఎక్కువ విస్తుపోయింది ఆ కుర్రాడే. కళ్లు పెద్దవి చేసుకుని చూసిన ఆ ముఖం అందరికీ గుర్తుంది. 2022లో అదే కుర్రాడు ఉత్తమ కొత్త ఆటగాడిగా కాల్డర్ ట్రోఫీ అందుకున్నాడు. ఆ ఆరు పాయింట్ల వెనక, అనుభవమున్న పెద్దవాళ్ల మధ్య తొణక్కుండా ఆడిన 17 ఏళ్ల కుర్రాణ్ణి డెట్రాయిట్ చూసింది.

లీగ్ స్థాయిని పక్కనపెడితే పొరపాట్లు జరుగుతాయనే వాదన ఉంది. బ్రిటన్‌లోనే పుట్టి అక్కడే ఆట నేర్చుకున్న లియామ్ కిర్క్‌ను 2018లో ఆరిజోనా 189వ స్థానంలో తీసుకుంది. 2021 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఏడు గోల్స్ కొట్టినా ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్ ఆడే అవకాశం అతనికి రాలేదు. నిజమే. కానీ కెనడా నుంచి ఏడో రౌండ్‌లో వెళ్లినవాళ్లలో ఎక్కువమంది కథా అంతే కదా! వాళ్ల విషయంలో ఎవరూ కెనడాను తప్పుపట్టరు.

2022లో స్లొవేకియా కుర్రాళ్లు స్లాఫ్కోవ్‌స్కీ, నెమెట్స్ మొదటి రెండు స్థానాల్లో వెళ్లారు కాబట్టి రోజులు మారాయంటారు. స్లాఫ్కోవ్‌స్కీకి ఫిన్లాండ్ లీగ్‌లో 31 మ్యాచ్‌ల్లో 10 పాయింట్లే. అతని జాతకం మార్చింది బీజింగ్ ఒలింపిక్స్‌లో కొట్టిన ఏడు గోల్స్. అంటే పెద్ద వేదిక దొరికింది కాబట్టి నమ్మారు. మరి వేదిక దొరకనివాళ్ల మాటేమిటి? అండర్-18, అండర్-20 ప్రపంచ పోటీల పై స్థాయిలో ఉండేవి పదేసి జట్లే. పదకొండో దేశంలో పుట్టిన కుర్రాడికి ఆ వయసులో, ఆ పోటీల్లో, కెనడాతో తలపడే అవకాశమే లేదు.

అందుకే ఇల్లు వదిలి వెళ్తున్నారు. నన్ను ఎక్కువగా బాధించేది ఇదే. అన్జె కొపిటార్ 17 ఏళ్లకు స్లొవేనియా వదిలి స్వీడన్ వెళ్లాడు. లియోన్ డ్రైజైటిల్ 16 ఏళ్లకు జర్మనీ నుంచి కెనడాలోని ప్రిన్స్ ఆల్బర్ట్‌కి, నీకో హిషియర్ 17 ఏళ్లకు స్విట్జర్లాండ్ నుంచి హాలిఫాక్స్‌కి చేరారు. వీళ్లు గెలిచారు కాబట్టి మనకు పేర్లు తెలుసు. అలాగే వెళ్లి, తెలియని భాష మధ్య ఒంటరిగా ఒక సీజన్ గడిపి, ఎవరి కంటా పడకుండా తిరిగొచ్చిన పిల్లల లెక్క ఎవరి దగ్గరుంది? ఉన్న ఒక్క మంచి ఆటగాడూ వెళ్లిపోతే, వాడితో తలపడి నేర్చుకోవాల్సిన మిగతా పిల్లలకు మిగిలేదేమిటి? ఆ లీగ్ మరింత బలహీనపడుతుంది. దాని గుణకం ఇంకాస్త తగ్గుతుంది. తర్వాతి కుర్రాడు ఇంకో ఏడాది ముందే పెట్టె సర్దుకుంటాడు.

కొపిటార్‌ను 2005లో లాస్ ఏంజెలెస్ 11వ స్థానంలో తీసుకుంది. అంతకుముందు పది ఎంపికల్లోనూ అతని పేరు వినిపించలేదు. ఆ తర్వాత అతను ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్‌ను రెండుసార్లు గెలిచాడు, 1,200కు పైగా పాయింట్లు సాధించాడు. నార్వేకు చెందిన మాట్స్ జుకరెల్లోను అసలు ఏ జట్టూ డ్రాఫ్ట్ చేయలేదు. 2013-14లో న్యూయార్క్ రేంజర్స్‌కు ఎక్కువ పాయింట్లు తెచ్చింది అతనే. ఇంత జరిగాక కూడా జట్లు కుర్రాళ్లను వెతికే తమ స్కౌట్లను పదిమందీ వెళ్లే టోర్నీలకే పంపుతున్నాయి. వాళ్లలో ఒక్కరినైనా డివిజన్-1 పోటీలు జరిగే చోటికి పంపండి. మ్యాచ్ ముగిసేవరకూ స్కోరు బోర్డు వైపు చూడొద్దని చెప్పి పంపండి.