సైకిల్‌కు ఎంత ఎడం ఇవ్వాలో చట్టమే చెప్పాలి

సైకిల్ కూడా వాహనమేనని 1968 నాటి వియన్నా రోడ్డు రవాణా ఒప్పందం తేల్చిచెప్పింది. కనీసం రెండు చక్రాలుండి, తొక్కేవారి కండబలంతోనే కదిలే వాహనమని దాన్ని నిర్వచించింది. వాహనమన్నాక విధులు తప్పవు. ఎర్రదీపం పడితే ఆగడం, మలుపు తిరిగే ముందు చేయి చూపడం, రాత్రివేళ దీపాలు వెలిగించుకోవడం వంటి నియమాల నుంచి సైకిల్ తొక్కేవారు మినహాయింపు కోరడం తగదు. రాంగ్ రూట్‌లో తొక్కడం మరీ ప్రమాదకరం. పక్క వీధిలోంచి రోడ్డెక్కే డ్రైవరు వాహనాలు వచ్చే వైపే చూస్తాడు తప్ప, రాకూడని వైపు చూడడు. ఇలాంటి ఉల్లంఘనలకు జరిమానా వేయడాన్ని మేము సమర్థిస్తాం.

అయితే టన్నుల బరువున్న లారీ చేయగల హానికీ, సైకిల్ చేయగల హానికీ పోలికే లేదు కాబట్టి ఇద్దరికీ ఒకే విధులు రాసి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. ముఖ్యంగా ఓవర్‌టేక్ చేసేటప్పుడు ‘తగినంత దూరం’ పాటించాలని మాత్రమే చెప్పే చట్టాలు, ఎంతైతే తగినంతో తేల్చే పనిని వెనక నుంచి తొందరపడుతున్న డ్రైవరుకే వదిలేస్తున్నాయి. గుంతను తప్పించబోయో, పక్కనుంచి దూసుకెళ్లిన బస్సు గాలి తాకిడికో సైకిల్ ఒక అడుగు పక్కకు జరగడం సహజం. ఆ అడుగుకు చోటు మిగలకపోతే చిన్న తడబాటు కూడా ప్రాణాంతకమవుతుంది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం 1973లోనే మూడు అడుగుల దూరం తప్పనిసరి చేసింది. అంతవరకు ‘తగినంత’ అనే మాటతోనే సరిపెట్టిన జర్మనీ 2020లో ఊళ్లలో 1.5 మీటర్లు, ఊరి వెలుపల 2 మీటర్లు అని అంకెల్లోనే రాసింది. అంత జాగా లేని ఇరుకు రోడ్డులో డ్రైవరు సైకిల్ వెనకే నెమ్మదిగా వెళ్లాలి. అందుకు పట్టే కొద్ది క్షణాలు నష్టమేమీ కాదు.

అంకె రాస్తే చాలదు, అమలు కష్టమనే వాదనలో కొంత నిజముంది. కానీ బ్రిటన్‌లోని వెస్ట్ మిడ్‌ల్యాండ్స్ పోలీసులు 2016లో మామూలు దుస్తుల్లో తామే సైకిళ్లు తొక్కుతూ, మరీ దగ్గరగా దాటిన డ్రైవర్లను ముందున్న సహచరుల చేత ఆపించారు. సంకల్పం ఉంటే దారి దొరుకుతుందనడానికి ఇది చాలు.

అమెరికాలోని ఐడహో రాష్ట్రం 1982 నుంచి, స్టాప్ బోర్డు వద్ద దారి ఖాళీగా ఉంటే సైకిళ్లు పూర్తిగా ఆగకుండా వేగం తగ్గించి సాగిపోవచ్చని అనుమతిస్తోంది. ఎదుటివారికి దారి ఇవ్వాలన్న షరతు ఉన్నందున ఇది విచ్చలవిడితనం కాదు. అన్ని వైపులా స్పష్టంగా కనిపించే చిన్న కూడళ్లలో ఈ సడలింపు సమంజసమే. రద్దీ సిగ్నళ్లకు దీన్ని విస్తరించడాన్ని మాత్రం మేము అంగీకరించం.

ఎడం ఎంతో మీటర్లలో చెప్పని రోడ్డు చట్టాలన్నింటినీ వెంటనే సవరించాలి. దగ్గరగా దాటడాన్ని, ఢీకొట్టకపోయినా సరే, శిక్షార్హమైన నేరంగా ప్రకటించాలి.