చదరంగానికీ వాడుక భాష కావాలి

కిందటి ఆదివారం సాయంత్రం మా అరుగు మీద రాజ్యాంగ సంక్షోభం తలెత్తింది. మా మేనల్లుడికి పదేళ్లు. చదరంగం నేర్చుకుని నాలుగు రోజులైంది. అంటే ఆటలో ఉన్న లోపాలన్నీ కనిపెట్టడానికి సరిపడా అనుభవం వచ్చేసిందన్నమాట. వాడి రాజుని మూలకి తరిమి, నా మంత్రిని దించి, "ఆటకట్టు" అన్నాను. వాడు బోర్డు కేసి చూశాడు, నా కేసి చూశాడు.

"ఏటి కట్టు? రాజుని చంపలేదు కదా మావయ్యా."

"చంపక్కర్లేదురా. ఎటు కదిలినా చస్తాడు. అందుకని ఆట అయిపోయినట్టే."

"చచ్చాక కదా అవ్వాలి! ముందే చెప్పేస్తే ఎలాగ? ఈలోగా నీ మంత్రి మనసు మారిపోవచ్చు."

నా దగ్గర జవాబు లేదు. రోజూ పేపరు చదివేవాణ్ణి, మంత్రుల మనసు మారదని పసివాడికి ఏ మొహం పెట్టుకుని చెప్పను?

ఆదుకున్నది పక్కింటి మాస్టారు. ఆయన రిటైరయ్యాక ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) వారి నిబంధనలు ప్రింటు తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించి, కూరల సంచిలో పెట్టుకుని తిరుగుతున్నారు. మా ఇంట్లో ఎవరైనా ఓ పావు ఎత్తి, ఆలోచించి, మళ్లీ అదే గడిలో పెట్టేశారా, గోడ అవతలి నుంచి "ముట్టుకున్నది ఆడాల్సిందే" అని వినబడుతుంది. ఆ రోజు స్వయంగా వచ్చి, వేలు తడి చేసుకుని పేజీ తిప్పి, ఎదుటి రాజుని చంపడానికి నిబంధనల్లో అసలు అనుమతే లేదని, ఎవరైనా చంపితే అది తప్పెత్తు కింద లెక్కని తేల్చారు. గుంటడు కాసేపు ఆలోచించి, "అయితే ఇంత సైన్యం ఎందుకు మాస్టారూ?" అన్నాడు.

సరిగ్గా అప్పుడే నాకు జ్ఞానోదయం అయింది. కొత్తగా నేర్చుకున్నవాడు అడిగే ప్రశ్న అజ్ఞానం కాదు, అదొక సవరణ బిల్లు. దాన్ని ఓటింగుకి పెట్టకుండా స్పైరల్ బైండింగుతో తొక్కిపెట్టడం అప్రజాస్వామికం.

మాది పర్లాకిమిడి. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అది ఆంధ్రా. ఇటు మేము 1936 ఏప్రిల్ 1 నుంచి ఒడిశా. ఒడియావాళ్లు పొఖాళొ అన్నదాన్ని మేం తరవాణి అంటాం, ఇద్దరం ఒకే ఉల్లిపాయ కొరుక్కుంటాం. వాడుకలో ఉన్నదే భాష అని గిడుగు రామమూర్తి పంతులుగారు యుద్ధం ప్రకటించింది ఈ ఊళ్లో పిల్లలకి పాఠాలు చెప్పుకుంటూనే. పండితులు వ్యాకరణం చూపించారు, ఆయన జనం నోరు చూపించారు. కాబట్టి ఆ బాటలోనే నేనూ ప్రకటిస్తున్నాను: మాస్టారి సంచిలో ఉన్నది గ్రాంథిక చదరంగం. మా అరుగు మీద ఆడేది వ్యావహారిక చదరంగం. వాడుకలో ఉన్న రూలే రూలు.

ముందు పేర్ల సంగతి తేలాలి. పాతకాలపు చతురంగ బలంలో ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం ఉండేవి. ఆట పర్షియా, అరబ్బు దేశాల మీదుగా యూరప్ వెళ్లింది. చివరి గడిలో నిలబడి సూటిగా పోయేది అసలు రథం. రాజుకీ మంత్రికీ పక్కన ఉండి ఐమూలగా పోయేది ఏనుగు. స్పానిష్ వాళ్లు ఇప్పటికీ దాన్ని అల్‌ఫిల్ అనే పిలుస్తారు, అది అరబ్బీలో ఏనుగు. ఇంగ్లీషు వాళ్ల దగ్గరికి చేరేసరికి ఆ ఏనుగు కాస్తా మతగురువైపోయింది. మన తెలుగులో ఇంకా ఘోరం. ఏనుగుని తీసుకెళ్లి చివరన కట్టేశాం, ఐమూలగా పోయేదానికి శకటు అని పేరు పెట్టాం. శకటం అంటే బండి. ఎక్కడైనా బండిని ఐమూలగా తోలుతారా? (మా బజారు రోడ్డులో తోలుతారు. అది వేరే కథ.) బరంపురంలో ఉండే మా బావకి ఆట నేర్పినవాడు హిందీవాడు, అందుకని ఆయన దాన్ని ఒంటె అంటాడు. బెంగాలీ వాళ్లకైతే చివరనున్న ఏనుగు పడవ. మా అరుగు మీద ఒకే పావుని నేను శకటు అని, బావ ఒంటె అని, గుంటడు బిషప్ అని పిలుస్తాం. దానికి ఇవేమీ పట్టవు.

పైగా మా బోర్డుకి సొంత వ్యాకరణం ఉంది. పావులు మా తాతగారి నాటివి, మా ఊరి కొమ్ము పనివాళ్లు చెక్కినవి. అరచేతిలో పట్టుకుంటే కాసేపటికి వెచ్చబడతాయి, ప్లాస్టిక్కుకి ఆ గుణం లేదు. ఒక నల్ల గుర్రానికి చెవులు రెండూ విరిగి, చీకటి పడ్డాక అచ్చం శకటులా కనిపిస్తుంది. దాని పుణ్యమా అని రెండు ఆటలు చెడ్డాయి, ఒక చుట్టరికం దెబ్బతింది. తెల్ల మంత్రి ఎప్పుడో పోయాడు. ఆయన స్థానంలో దగ్గు మందు సీసా మూత పని చేస్తోంది. ఇన్‌చార్జి మంత్రి అంటాం.

మంత్రి అంటే గుర్తొచ్చింది. బంటు చివరి వరసకి చేరితే మంత్రి అవుతుందంటే గుంటడు నమ్మలేదు. "ఉన్న మంత్రి బతికే ఉంటే?" అయినా అవుతుందిరా, ఇద్దరుంటారు. "ఎనిమిది బంట్లూ చేరితే?" తొమ్మిదిమంది మంత్రులు. "ఒక్క రాజుకి అంతమందా?" మళ్లీ పేపరు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. అయినా బంటు మంత్రి కావడం ఏపాటి విశేషం? మా ఊళ్లో రాజే మంత్రి అయ్యారు. 1937లో ఒడిశాకి మొట్టమొదటి ప్రధానమంత్రి (ముఖ్యమంత్రిని అప్పట్లో అలాగే అనేవారు) మా పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతిగారే. ఈ ఎత్తు ఏ పుస్తకంలోనూ లేదు.

రెండో మంత్రి దొరక్కపోతే మేం ఏనుగుని తలకిందులుగా నిలబెడతాం. దీని మీద మాస్టారు చెప్పిన కథ వింటే మీకే కన్నీళ్లొస్తాయి. 2017లో కెనడా ఛాంపియన్‌షిప్‌లో, అదీ టైటిల్ తేలే ఆటలో, ఒకాయన గడియారం పరుగెడుతుంటే మంత్రి కనబడక బోర్లించిన ఏనుగుని పెట్టాడు. ఆర్బిటర్ గడియారం ఆపి, బోర్లించినా అది ఏనుగే అన్నాడు. కావలసిన మంత్రి ఆ సమయానికి ఎదుటివాడి చేతిలో ఉంది. పెట్టినవాడు ఓడిపోయాడు. అదే మా అరుగు మీదైతే ఛాంపియన్ అయ్యేవాడు. గ్రాంథికం ఎన్ని కొంపలు ముంచిందో చూడండి.

ఇక కొత్తవాళ్లందరూ మోసం అని అరిచే రూలు ఒకటుంది, ఎన్ పాసాన్. దీన్ని విజయవాడలో వివరించడం కష్టం, బోర్డర్ ఊళ్లో రెండు నిమిషాల పని. పాత ఆటలో బంటు ఒక్కో గడే నడిచేది. ఆట చప్పగా సాగుతోందని యూరప్ వాళ్లు మొదటి ఎత్తులో రెండు గళ్లు దూకనిచ్చారు. దాంతో ఏమైంది? ఎదుటి బంటు కాపు కాస్తున్న గడి మీద నుంచి ఇది దర్జాగా దాటిపోయి పక్కన నిలబడింది. చెక్‌పోస్టు దగ్గర బియ్యం బస్తాల ఆటో లైట్లార్పి దూసుకుపోయినట్టన్నమాట. అందుకని కొత్త సర్క్యులర్ తెచ్చారు: అలా దూకిన బంటుని, అది ఒక్క గడే నడిచినట్టు లెక్కగట్టి పక్కనున్న బంటు పట్టేయవచ్చు. కానీ వెంటనే, ఆ తరవాతి ఎత్తులోనే పట్టాలి. టీ తాగొచ్చి పడతానంటే కుదరదు. మా మేనల్లుడు ఇది విని, "మరి ఆటోవాడు వంద ఇస్తే?" అన్నాడు. మాస్టారు పేజీలు తిప్పుతూనే ఉన్నారు.

క్యాస్లింగ్ (రాజుని ఏనుగు వైపు రెండు గళ్లు జరిపి, ఏనుగుని రాజుకి అవతలి పక్కన పెట్టడం) గురించి ఎక్కువ చెప్పను, అప్పుడే అలవాటైపోయింది వాడికి. రాజూ ఏనుగూ అంతకుముందు కదిలి ఉండకూడదు, మధ్యలో ఎవరూ అడ్డు ఉండకూడదు, రాజు చెక్‌లో (అంటే ఎదుటి పావు దాడిలో) ఉండకూడదు, చెక్ ఉన్న గడి మీదుగా నడవకూడదు, అలాంటి గడిలో ఆగకూడదు. ఏనుగు మీద దాడి ఉన్నా ఫర్వాలేదు. ఏనుగు ప్రాణానికి విలువ లేదా అని వాడు అడగనందుకు సంతోషించాను.

స్టేల్‌మేట్ దగ్గర మాత్రం మా బావ కళ్లు చెమర్చాయి. చెక్ లేదు, కదలడానికి గడి లేదు, ఆట డ్రా. ఆయన కుర్రాడు ఇటు పుట్టి అటు చదివాడు. ఇటు ఉద్యోగమంటే ఒడియా పరీక్ష అంటారు, అటు వెళ్తే స్థానికుడివి కాదంటారు. ఎవరూ ఒక్క మాట అనలేదు, ఎటూ కదల్లేడు. "దీన్ని డ్రా అంటారేటి బావా?" అన్నాడు. ఒకప్పుడు ఇంగ్లండులో ఇలా ఇరుక్కున్నవాడే గెలిచినట్టు లెక్క, ఇరికించినవాడు ఓడినట్టు. పాత ఇంగ్లండులో పుట్టి ఉండాల్సింది వాడు.

ప్రశ్నలు అయిపోయాక కొత్త ఆట పుట్టించడం మొదలైంది. ఇది మామూలుగా నాలుగో రోజే జరుగుతుంది. బాబీ ఫిషర్‌ని చూడండి. 1972లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, వెనక వరసలో పావుల్ని కలిపేసి ఆడాలన్న బుద్ధి మాత్రం 1996కి గానీ రాలేదు. శకట్లు చెరో రంగు గడిలో ఉండాలి, రాజు రెండు ఏనుగుల మధ్య ఉండాలి, మిగతాది మీ ఇష్టం, మొత్తం 960 రకాలు. ఆయనకి ఇరవై నాలుగేళ్లు పట్టిన విసుగు మా గుంటడికి నాలుగు రోజుల్లో వచ్చింది. మేధావి ఎవరో మీరే చెప్పండి.

వాడి ఆట పేరు బోర్డర్ చదరంగం. నడిమధ్య నది గీశాడు, బొగ్గు ముక్కతో, తాతగారి బోర్డు మీద. బంటు నది దాటాలంటే ఒక ఎత్తు ఆగి ఆధార్ చూపించాలి. శకటుకి రెండు రాష్ట్రాల టాక్సూ కట్టాలి. మంత్రి అటు వెళ్లగానే సిగ్నల్ పోతుంది, రెండు ఎత్తుల దాకా అందుబాటులో ఉండడు. ఏనుగుకి మాత్రం ఏ అడ్డూ లేదు. అదేమిరా అంటే, "లఖారీ అడవిలోంచి శ్రీకాకుళం వైపు వెళ్లిపోయిన ఏనుగుల్ని ఎవరాపారు?" అన్నాడు. మాస్టారు వెంటనే అడ్డుకున్నారు. నది ఉన్న చదరంగం చైనా వాళ్లు ఎప్పటినుంచో ఆడుతున్నారట. అందులో ఏనుగు నది దాటకూడదు, దాటిన సిపాయికి పక్కకి నడిచే హక్కు కూడా వస్తుంది. చైనా ఏనుగులు క్రమశిక్షణ గలవి, మావి కావు అని గుంటడు కొట్టిపారేశాడు.

తొలి ఆటకి మాస్టారే కూర్చున్నారు, ఈ ఆట ఆడశక్యం కాదని రుజువు చేయడానికి. బంట్లన్నీ ఆధార్ కోసం నది ఒడ్డున వరసగా నిలబడ్డాయి. మాస్టారి మంత్రికి సిగ్నల్ పోయింది. గుంటడి ఏనుగులు రెండూ అడవిలోంచి వచ్చినట్టు వచ్చి ఆయన రాజుని గోడకి నొక్కేశాయి. మాస్టారు కళ్లద్దాలు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు. చాలాసేపు చూశారు. చివరికి నా వైపు తిరిగి, గొంతు బాగా తగ్గించి అడిగారు.

"మీ తాతగారి రోజుల్లో రాజుకి ఒక్కసారి గుర్రంలా దూకే హక్కు ఉండేది కదండీ?"

ఉండేది. మన పాత ఆటల్లో అది మామూలే. ఆ రకం నాటు ఆట నేర్చుకున్న పంజాబువాడే సుల్తాన్ ఖాన్, తరవాత ఇంగ్లండు వెళ్లి 1929లో, మళ్లీ 1932, 1933ల్లో బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. ఇదంతా చెప్పి మాస్టారిని గట్టెక్కిద్దామని నోరు తెరిచాను. ఈలోగా గుంటడు కూరల సంచిలోంచి స్పైరల్ బైండింగ్ తీసి, వేలు తడి చేసుకుని ఆయన ముందు పెట్టాడు.

"ఏ పేజీలో ఉంది మాస్టారూ?"