క్రియాపదమైన కెప్టెన్‌గారు

మనిషి పేరు నామవాచకంగా పుట్టి నామవాచకంగానే గిట్టడం లోకధర్మం. ఇంగ్లీషులో క్రియాపదంగా పదోన్నతి పొందాలంటే ఏదో ఒక ఘనకార్యం చేసి తీరాలి. గాల్వానీగారు చచ్చిన కప్ప కాళ్లను విద్యుత్తుతో ఆడించి 'గాల్వనైజ్' అయ్యారు, పాశ్చర్‌గారు సూక్ష్మజీవులను వేడితో చంపే మార్గం చూపి 'పాశ్చరైజ్' అయ్యారు. తాను ఏమీ చేయకుండా, ఊరివారి చేత చేయించుకుని ఆ పదవి సంపాదించిన మహానుభావుడు కెప్టెన్ చార్లెస్ బాయ్‌కాట్.

1880లో ఆయన ఐర్లండ్‌లోని మేయో కౌంటీలో లార్డ్ ఎర్న్ అనే భూస్వామికి ఏజెంటు. పంటలు దెబ్బతిన్నాయి, కౌలు నాలుగోవంతు తగ్గించండని రైతులు మొరపెట్టుకుంటే, దొరవారు పదోవంతుకు మించి దిగలేదు. కట్టలేనివారిని వెళ్లగొట్టే తాఖీదులు పంచే పుణ్యం మాత్రం ఏజెంటుగారికి దక్కింది. దాంతో కూలీలు పొలం దిగలేదు, బట్టలుతికే మనిషి గుమ్మం తొక్కలేదు, దుకాణదారు సరుకివ్వలేదు. ఈ పద్ధతికి ఒక పేరు కావలసి వచ్చినప్పుడు, 'ఆస్ట్రసైజ్' (వెలివేయడం) అనే ఇంగ్లీషు మాట రైతుల నోట పలకదని భావించిన జాన్ ఓమాలీ అనే మతగురువు, అందరి నోటా నానుతున్న కెప్టెన్‌గారి పేరునే ఖాయం చేశారు.

ప్రభుత్వం ఊరుకుంటుందా? ఐర్లండ్ ఉత్తర ప్రాంతమైన ఆల్స్టర్ నుంచి వచ్చిన 50 మంది స్వచ్ఛంద కూలీలు దుంపలు తవ్వుతుంటే, వారికి కాపలాగా వందలాది సైనికులను, పోలీసులను దించి, సుమారు 500 పౌండ్ల విలువైన పంటను దాదాపు 10,000 పౌండ్ల ఖర్చుతో విజయవంతంగా కాపాడింది. లెక్కలు సరిగా రాని ప్రభుత్వమని దీన్ని నిందించడం తగదు. పరువుకు ధర కట్టే లెక్క వేరుగా ఉంటుంది.

నన్ను బాధించేది మరొకటి. కౌలు నిర్ణయించిందీ, పట్టుబట్టిందీ, వేల ఎకరాలు ఏలిందీ లార్డ్ ఎర్న్. నిఘంటువులో చేరే అర్హత న్యాయంగా ఆయనది. అయితే యజమాని ఆజ్ఞకు ఏజెంటు తిట్లు తినే ఆచారాన్ని భాష కూడా తు.చ. తప్పకుండా పాటించింది.

పంట ముగిశాక కెప్టెన్‌గారు కుటుంబంతో డబ్లిన్ చేరి హోటల్లో దిగారు. ఆయనను వెంటనే పంపించకపోతే నిన్నూ 'బాయ్‌కాట్' చేస్తామని హోటల్ యజమానికి ఉత్తరం వచ్చింది. 1880 డిసెంబరులోనే కెప్టెన్‌గారు తన పేరుకు భయపడి ఇంగ్లండుకు ఓడెక్కారు.